కైరోస్ అంటే దేవుడి ఘడియా, వాతావరణమా? ‘టైమ్’కి గ్రీకులో అసలు మాటలెన్ని?

సముద్రపుగాలి
మాది విశాఖ, ఓడలో సెకండ్ ఆఫీసర్‌ని. కిందటి సెలవులో ఇంటికెళ్ళినప్పుడు మా చర్చిలో పాస్టర్ గారు వరసగా రెండు ఆదివారాలు ఒకే విషయం చెప్పారు. ఇంగ్లీషులో ‘టైమ్’ అని ఒక్కటే మాట, గ్రీకులో మాత్రం రెండున్నాయట. క్రోనోస్ అంటే గడియారం కొలిచే కాలం, కైరోస్ అంటే దేవుడు నిర్ణయించిన ఘడియ. బాగా నచ్చి రాసుకున్నాను. మా ఆవిడ ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించింది.

ఇప్పుడున్న ఓడలో కెప్టెన్ గ్రీకాయన. పొద్దున్నే బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీదకొచ్చి, అద్దంలోంచి సముద్రం చూసి, “కెరోస్, కెరోస్” అని మొహం చిట్లిస్తాడు. ఇది మా పాస్టర్ గారు చెప్పిన మాటేనా అని అడిగాను. “అదే. వాతావరణం. రేపు బాగుండదు” అన్నాడు. దేవుడి ఘడియ సంగతి చెప్పాను. పడీపడీ నవ్వి, “మా అమ్మమ్మకి కైరోస్ అంటే ఒకటే ప్రశ్న, బట్టలు ఆరేయాలా వద్దా” అన్నాడు.

పాస్టర్ గారు తప్పా, కెప్టెన్ తప్పా? ఫ్రిజ్ మీద కాగితం పీకేయమని చెప్పాలా?

గుంటూరు_ఘాటు
ముందు ఓడ సంగతి చూడు బాబూ. రేపు బాగుండదన్నాడుగా.

ఏథెన్స్_కోడలు
ఇద్దరూ తప్పు కాదు. పన్నెండేళ్ళుగా ఏథెన్స్‌లో ఉంటున్నాను, మా అత్తగారిది క్రీట్. ఇప్పటి గ్రీకులో కెరోస్ అనగానే ముందు తట్టేది వాతావరణమే. (ఒకే మాటండీ, పాతకాలపు ‘కై’ ఇప్పుడు ‘కె’ అయింది.) టీవీలో వార్తల చివర వచ్చేది ‘దెల్తీయో కెరూ’, అంటే వాతావరణ సూచన. ఆగస్టులో ఏజియన్ సముద్రం మీద మెల్తేమి గాలులు లేస్తే ద్వీపాలకి వెళ్ళే ఫెర్రీలు ఆపేస్తారు. అప్పుడు రేవులో అందరి నోటా కెరోస్ మాటే.

కానీ అదే మాట టైమ్‌కి కూడా వాడతారు. ‘కెరోస్ ఈతన్!’ అంటే ఇప్పటికైనా అయింది, ఎప్పుడో కావలసింది అని. మావారు చెత్త బయట పెట్టిన రోజు మా అత్తగారు అనే మాట.

టైమ్ ఎంతైందని అడగాలంటే ‘తి ఓరా ఈనే’. అక్కడ కెరోస్ రాదు, ఖ్రోనోస్ రాదు, ‘ఓరా’ వస్తుంది. నాకు టైమ్ లేదు అనాలంటే ఖ్రోనోస్. మొదటిసారి, రెండోసారి అనేటప్పుడు ‘ఫొరా’. నిమిషం ఆగు అంటే ‘లెప్తో’. టైమ్‌కి మాట రెండే అన్నారు చూడండి, అది తప్పు. కొత్తగా వచ్చినప్పుడు కూరల బండి ఆయన్ని టైమ్ ఎంత అని అడగబోయి ఖ్రోనోస్ వాడాను. పాపం, తన వయసు అడుగుతున్నాననుకున్నాడు.

గుంటూరు_ఘాటు
వయసెందుకొచ్చింది మధ్యలో?

ఏథెన్స్_కోడలు
ఖ్రోనోస్ అంటే ఏడాది కూడా. బహువచనం ‘ఖ్రోన్యా’. పుట్టినరోజుకీ పండగకీ ‘ఖ్రోన్యా పొల్లా’ అంటారు, నిండా సంవత్సరాలు బతకమని. ‘తూ ఖ్రోను’ అంటే వచ్చే ఏడు.

లెక్కల_మాస్టారు
ఇంగ్లీషు టైమ్ చేసే పనుల్లో నన్ను బాగా వేధించేది ఇంకొకటుంది. త్రీ టైమ్స్ ఫోర్. దీనికి కాలంతో ఏం సంబంధమో ఒక్క పిల్లాడూ అడగడు, అదృష్టం. మనకి ఈ గొడవ లేదు. ఎన్నిసార్లు జరిగిందో చెప్పడానికి సార్లు, మార్లు, తడవలు, పర్యాయాలు, దఫాలు. ఎంత పెద్దదో చెప్పడానికి రెట్లు, ఇంతలు. ‘మూడుసార్లు పెద్దది’ అని తెలుగు ఎవరూ అనరు. ఈమధ్య పేపర్లలో అంటున్నారు, అది వేరే బాధ.

గ్రీకులో దీనికేమంటారు అక్కా?

ఏథెన్స్_కోడలు
మా అమ్మాయి ఎక్కం చదివేటప్పుడు ‘త్రీయా ఎపీ తెస్సెరా’ అంటుంది మాస్టారూ. ఎపీ అంటే ‘మీద’. ఇక్కడ కాలం ఊసే లేదు. మూడు రెట్లు అనడానికి ‘త్రిప్లాసియో’, వేరే మాట. ఎన్నిసార్లు అంటే ఫొరా. అచ్చం మీ సార్లు, రెట్లు లాగే.

వాక్యం_విద్యార్థి
పాస్టర్ గారిని మరీ తీసిపారేయకండి. నేను సెమినరీలో గ్రీకు చదువుతున్నాను. కైరోస్‌కి తగిన సమయం, అదను అనే అర్థం చాలా పాతది. అరిస్టాటిల్ కూడా, మంచి అనేది ఒక్కో రకం విషయంలో ఒక్కోలా ఉంటుంది, కాలం విషయంలో మంచిని కైరోస్ అంటారు అని రాశాడు. మార్కు 1:15లో ‘కాలము సంపూర్ణమైయున్నది’ అన్నచోట మూలంలో కైరోస్ ఉంది. అక్కడ వాతావరణం బాగైంది అని చదివితే ఎలా?

శిల్పి లిసిప్పోస్ కైరోస్‌కి విగ్రహం చేశాడు. మునివేళ్ళ మీద పరుగు, కాళ్ళకి రెక్కలు, చేతిలో మంగలి కత్తి. నుదుటి మీద జుట్టు వేలాడుతుంటుంది, వెనక నున్నటి బోడితల. ఎందుకంటే ఎదురొచ్చినప్పుడే జుట్టు దొరకబుచ్చుకోవాలి, దాటిపోయాక పట్టుకుందామంటే చేతికేమీ దొరకదు. పోసిడిప్పోస్ అనే కవి ఆ విగ్రహంతో ప్రశ్నలూ జవాబులూ ఆడించి పద్యం కూడా చెప్పాడు.

గుంటూరు_ఘాటు
వెనక బట్టతల సరే, ముందు బట్టతల వాళ్ళ సంగతేంటి? మా బాబాయికి అదను ఎటునుంచీ దొరకదన్నమాట.

సందేహాల_పుట్ట
విగ్రహం కథ బాగుంది. కానీ అందులో దేవుడి ఘడియ ఎక్కడుంది? అది మనిషి అవకాశం సంగతి.

పైగా ఈ క్రోనోస్, కైరోస్ విభజన మీద జేమ్స్ బార్ అనే పండితుడు 1962లో ఒక పుస్తకమే రాశాడు. బైబిల్లో ఈ రెండు మాటలూ అంత శుభ్రంగా విడిపోవు, చాలాచోట్ల ఒకదాని బదులు ఇంకొకటి పెట్టినా సరిపోతుంది, మాటలోంచి సిద్ధాంతం లాగకండి అని ఆయన వాదన. మార్కులో ‘కైరోస్ నిండింది’ అన్నారు కదా, గలతీ 4:4లో ‘క్రోనోస్ నిండినప్పుడు’ అనే అర్థం వచ్చేలా ఉంది. రెండుచోట్లా సంగతి ఒకటే, దేవుడు అనుకున్న సమయం వచ్చింది. మరి అక్కడ గడియారం కొలిచే క్రోనోస్ ఎందుకొచ్చింది?

వాక్యం_విద్యార్థి
బార్ వాదన మాకు పాఠంగా ఉంది. ఒప్పుకుంటాను, ప్రసంగాల్లో ఈ తేడాని కాస్త ఎక్కువే సాగదీస్తారు. అలాగని తేడానే లేదనడం రెండో కొసకి పోవడం. అపొస్తలుల కార్యములు 1:7లో రెండూ పక్కపక్కనే ఉన్నాయి, తెలుగులో ‘కాలములను సమయములను’ అని. రెండూ ఒకటే అయితే రెండెందుకు?

సందేహాల_పుట్ట
మనం తీరూతెన్నూ, పనీపాటా అంటాం. రెంటికీ లోతైన తేడా ఉందని ప్రసంగం చెబుతామా?

వాక్యం_విద్యార్థి
పనికీ పాటకీ తేడా ఉంది కదండీ!

గుంటూరు_ఘాటు
😂 ఇద్దరికీ టీ చెప్పాను, తాగి మళ్ళీ మొదలెట్టండి.

వాక్యం_విద్యార్థి
ఈ మాట మీద తెలుగు బైబిల్ తీసి చూస్తే తమాషాగా ఉంది. మార్కు 1:15లో కైరోస్‌కి ‘కాలము’. గలతీ 4:4లో క్రోనోస్‌కీ ‘కాలము’. యోహాను 2:4లో ‘నా సమయమింకను రాలేదు’, అక్కడ మూలంలో హోరా, అంటే అక్క చెప్పిన ఓరా. యోహాను 7:6లో మళ్ళీ అదే ‘నా సమయమింకను రాలేదు’, అక్కడ మూలంలో కైరోస్. అంటే గ్రీకులో మూడు మాటలు, తెలుగులో రెండు, అవీ అటూ ఇటూ మారుతున్నాయి. తెలుగు బైబిలు ఒక్కటే చదివేవాళ్ళకి ఈ తేడా కనిపించే దారే లేదు.

సందేహాల_పుట్ట
కనిపించక నూట యాభై ఏళ్ళుగా ఎవరి భక్తికీ లోటు రాలేదు. అదే నేననేది.

వేరుశనగ_రైతు
మాది అనంతపురం జిల్లా. గ్రీకు నాకు రాదు, కానీ కైరోస్ అంటే వాతావరణమూ అదనూ ఒకే మాట అంటే మీకెందుకంత ఆశ్చర్యమో అర్థం కాలేదు. మాకు ఆ రెండూ ఎప్పుడు వేరు? జూన్, జూలైలో వాన పడుతుంది. నేల పదునవుతుంది. ఆ పదును రెండు మూడు రోజులుంటుంది, ఎర్రనేలల్లో ఇంకా తక్కువ. ఆలోపల విత్తనం పడాలి. అప్పుడు గొర్రు దొరకలేదనో, విత్తనం కాయలు ఒలవలేదనో ఆగితే ఇంకో వాన దాకా ఆకాశం చూస్తూ కూర్చోవాలి. మా నాయన ‘అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు’ అనేవాడు. ఆ బోడితల విగ్రహం సంగతి చదివి నవ్వుకున్నా. అది మా పొలం గట్టున పెట్టాల్సింది.

డ్యూటీ_డాక్టర్
రైతుగారూ, ‘పదును’ అన్నారు చూడండి, గ్రీకులో సరిగ్గా ఆ మాటే ఉంది. పాతకాలపు గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ సూత్రాల్లో మొట్టమొదటిది అందరూ సగమే చెబుతారు, జీవితం చిన్నది, విద్య పెద్దది అని. దాని తర్వాతి ముక్క ‘హో దె కైరోస్ ఓక్సుస్’. ఓక్సుస్ అంటే వాడి, పదును. ఇంగ్లీషు అనువాదాల్లో ‘క్షణంలో జారిపోయేది’ అని రాస్తారు, కానీ మూలంలో ఉన్నది కత్తికుండే పదునే. అందుకే విగ్రహం చేతిలో మంగలి కత్తి. తెలుగులో కత్తికీ పదునే, నేలకీ పదునే.

రాత్రి డ్యూటీలో ఇది నాకు రోజూ అర్థమవుతుంది. పక్షవాతం కేసు నాలుగున్నర గంటల్లోపు వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. “పొద్దున్నే కాస్త మాట తడబడింది డాక్టరుగారూ, నిద్ర లేచాక తగ్గుతుందని పడుకోబెట్టాం” అని సాయంత్రం తీసుకొస్తారు. వెనకవైపు బోడితలే ఇక.

డ్యూటీ_డాక్టర్
ఇంకొకటి మర్చిపోయాను. కైరోస్‌కి దగ్గరి మాట ‘కైరియోన్’ గ్రీకు మహాకవి హోమర్ దగ్గర టైమ్‌కి సంబంధించింది కాదు, ఒంట్లో చోటుకి సంబంధించింది. ఇలియడ్ నాలుగో భాగంలో మెనెలావోస్‌కి బాణం తగులుతుంది. అన్న కంగారుపడితే, “భయపడకు, కైరియోన్ చోట దిగలేదు” అంటాడు. అంటే ప్రాణం పోయే చోట తగల్లేదని. మన భాషలో ఆయువుపట్టు.

పంచాంగం_పిచ్చి
డాక్టరుగారు తెలియకుండానే పెద్ద తలుపు తీశారు. ఆయువుపట్టులో ఉన్న ‘ఆయువు’, గ్రీకులో ‘అయోన్’ ఒకే వేరులోంచి వచ్చిన మాటలు. అయోన్ అంటే మొదట ప్రాణశక్తి, ఆయుష్షు. తర్వాత యుగం, ఆ తర్వాత అనంతకాలం. చర్చిలో ‘యుగయుగములు’ అని వినిపించేచోట మూలంలో ఉన్నది ఈ అయోనే. ఇది ఎవరి దగ్గరనుంచి ఎవరూ తెచ్చుకున్నది కాదు, సంస్కృతం, గ్రీకు రెంటికీ తాతల నాటి ఆస్తి.

తెచ్చుకున్నవి వేరే ఉన్నాయి. అక్క చెప్పిన ‘ఓరా’ మన పంచాంగంలో రోజూ కనిపిస్తుంది. హోర! శుక్రహోర, గురుహోర అని పట్టిక వేస్తారే, అది గ్రీకు హోరానే. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలోనే బృహజ్జాతకంలో దీని పుట్టుక చెప్పబోయి, అహోరాత్ర (పగలూ రాత్రీ) అనే మాటలో మొదటి అక్షరమూ చివరి అక్షరమూ తీసేస్తే హోరా వస్తుందని కొందరంటారు అని రాశాడు. ఆ ‘కొందరు’ ఎవరో కానీ చాలా తెలివైనవాళ్ళు. అదే వరాహమిహిరుడు ఇంకోచోట, యవనులు (అంటే గ్రీకులు) మ్లేచ్ఛులే అయినా ఈ శాస్త్రం వాళ్ళ దగ్గర బాగా ఉంది కాబట్టి వాళ్ళనీ ఋషుల్లాగే పూజిస్తారని రాశాడు. మొహమాటం లేని మనిషి. జాతకంలో కేంద్రం అంటామే, అది కెంత్రోన్. జామిత్రం (ఏడో ఇల్లు) అంటామే, అది దియామెత్రోన్.

పాతపుస్తకాల_పాండు
అహోరాత్ర లోంచే వచ్చిందని మా గురువుగారు ఇప్పటికీ చెబుతారు. గ్రీకు వాళ్ళే మన దగ్గర తీసుకున్నారేమో ఎందుకనుకోకూడదు?

పంచాంగం_పిచ్చి
అనుకోవచ్చు. కానీ హోమర్ నాటికే ‘హోరా’ అనే మాట ఋతువు అనే అర్థంలో ఉంది, అప్పటికి దానికి గంట అనే అర్థమే లేదు. ఋతువు, తర్వాత పూట, తర్వాత గంట, ఇలా మారిన అడుగులన్నీ గ్రీకులోనే దొరుకుతాయి. మన వైపు వచ్చేసరికి గంటగా తయారై వచ్చింది. మన సొంత కొలత ఘడియ, 24 నిమిషాలు, రోజుకి అరవై.

వారాల వరస కూడా ఈ హోరల లెక్కే. గ్రహాలని దూరం నుంచి దగ్గరికి పేర్చండి: శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. హోరకొకరిని అప్పజెప్పుకుంటూ పోండి. శనితో మొదలైన రోజులో 24 హోరలు అయ్యాక 25వది రవికి వస్తుంది. అందుకే శనివారం తర్వాత ఆదివారం. అక్కడినుంచి మళ్ళీ లెక్కపెడితే సోమవారం. నమ్మకపోతే కాగితం మీద వేసి చూడండి.

లెక్కల_మాస్టారు
వేశాను. 24ని 7తో భాగిస్తే శేషం 3, కాబట్టి రోజుకి మూడు మెట్లు జరుగుతుంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఈ ఉదాహరణ నాకెవరూ చెప్పలేదు. రేపే క్లాసులో చెబుతాను.

ఏథెన్స్_కోడలు
పంచాంగంగారూ, హోరాకి ఋతువు అని పాత అర్థం చెప్పారు కదా. దాంట్లోంచే వచ్చిన ‘ఓరేయోస్’ ఇప్పుడు ‘అందమైన’ అనే అర్థంలో రోజుకి వందసార్లు వింటాను. మొదట్లో దాని అర్థం ఋతువుకి తగ్గట్టు పండినది. పండు పక్వానికొస్తే అందం. మనం ఈడొచ్చిందంటామే, ఇంచుమించు అలా.

వాక్యం_విద్యార్థి
అపొస్తలుల కార్యములు 3లో ఆలయ ద్వారం పేరు ఇదే అక్కా, ‘హోరాయా’. తెలుగు బైబిల్లో ‘శృంగారమను’ ద్వారం అని పెట్టారు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ మాట పైకి చదవమంటే నవ్వాపుకోలేక బయటికి పంపించేశారు నన్ను.

కరీంనగర్_పోరడు
వాతావరణం, కాలం ఒకే మాట అని అందరూ గ్రీకుదాకా పోతున్నరు. మా ఊళ్ళె ‘ఈ ఏడు కాలం కాలే’ అంటే వానలు పడలేదని. ‘కాలం మంచిగైంది’ అంటే చెరువులు నిండినయని. మా తాత గడియారం కట్టుకోలేదు గని, కాలం గురించి రోజూ మాట్లాడేటోడు. ఆ కెప్టెన్ మా తాతతోని కూసుంటే ఇద్దరికీ మస్తు కుదిరేది.

వేరుశనగ_రైతు
కరెక్టుగా చెప్పినావు తమ్ముడూ. వాన రాకడ, ప్రాణం పోకడ. రెండూ కైరోసే.

సముద్రపుగాలి
కరీంనగర్ తమ్ముడి మాట కెప్టెన్‌కి చెప్పాను. కాలం అంటే టైమ్, వానలు, అంతేకాదు ఎండాకాలంలో కూడా కాలమే అని. చాలా సంతోషించాడు. వాళ్ళకి ఎండాకాలం పేరే ‘కలొకేరి’ అట. కలో అంటే మంచి, కెరోస్ అంటే మనకి తెలిసిందే. మంచికాలం.

గుంటూరు_ఘాటు
ఎండాకాలం మంచికాలమా? మే నెలలో ఆయన్ని ఒక్కరోజు మా రెంటచింతల బస్టాండులో నిలబెట్టండి. భాష మార్చుకుంటాడు.

తెలుగు_టీచరమ్మ
ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను, ఒక మాట చెప్పాలనిపించింది. భూతకాలం, భవిష్యత్కాలం అని పిల్లలకి క్రియలు చెబుతాం కదా. గ్రీకు వ్యాకరణంలో కూడా క్రియ కాలానికి పేరు ఖ్రోనోసే. ఇంగ్లీషు ‘టెన్స్’ కూడా కాలమే, లాటిన్ ‘తెంపుస్’ ఫ్రెంచి మీదుగా తిరిగొచ్చింది. అది టైమ్ అని వాళ్ళ పిల్లలకి తెలియదంతే. మా పిల్లలకి టెన్స్ అంటే టెన్షనే.

సందేహాల_పుట్ట
ఖ్రోనోస్ గురించి ఒక హెచ్చరిక. పిల్లల్ని మింగిన దేవుడు క్రోనోస్ వేరు, కాలం వేరు. దేవుడిది క, కాలానిది ఖ. ఇంగ్లీషు పుస్తకాల్లో కలిసిపోయి కనబడతాయి. పాతకాలపు గ్రీకులో కాలానిది మన ఖ లాంటి ఒత్తక్షరమే. ఇప్పుడు గొంతులోంచి గాలి వదులుతూ పలుకుతారు.

పంచాంగం_పిచ్చి
కలిపేసింది ఇంగ్లీషు వాళ్ళే కాదు. క్రోనోస్ అంటే ఖ్రోనోస్‌కి మారుపేరని గ్రీకులు చెప్పుకుంటారని పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. పైగా ఆ దేవుడి పేరే గ్రీకులు శనిగ్రహానికి పెట్టారు. మనకీ కాలుడు అంటే కాలమూ, యముడూ. కాలం చేశారంటే పోయారని. కాలం తినేస్తుందనేది అందరికీ తోచినట్టే ఉంది.

మగ్గం_మనిషి
మాది మంగళగిరి. గ్రీకులో కైరోస్ అని నేతకి సంబంధించిన మాట కూడా ఉందని ఎక్కడో చదివాను. నిజమేనా?

వాక్యం_విద్యార్థి
ఉందండీ. స్వరం వేరే అక్షరం మీద పడుతుంది. మగ్గం మీద పడుగు పోగుల్ని పట్టివుంచే దారాల వరసకి ఆ పేరు. రెండూ ఒకే మాటలోంచి వచ్చాయా లేదా అన్నది మాత్రం తేలలేదు, కొందరు పండితులు కలుపుతారు, కొందరు ఒప్పుకోరు.

మగ్గం_మనిషి
తేలకపోయినా నాకర్థమైంది. తొక్కుడు పావు తొక్కగానే పడుగు సగం పైకి, సగం కిందికి విడిపోతుంది. ఆ సందులోంచే పేక దారం మోసే నాడె దూసుకుపోవాలి. కాలు వదిలాక విసిరితే పోగులు తెగుతాయి. మా అయ్య నాకు నేర్పిన అదను అదొక్కటే.

గుంటూరు_ఘాటు
ఇంతమంది ఇన్ని చెప్పారు, లెప్తో సంగతి ఎవరూ తేల్చలేదు. నిమిషానికి ఆ పేరేంటి?

ఏథెన్స్_కోడలు
లెప్తోస్ అంటే సన్ననిది. గంటని సన్నగా తరిగితే లెప్తో. దాన్ని రెండోసారి తరిగితే ‘దెఫ్తెరోలెప్తో’, సెకండ్. ఇంగ్లీషు సెకండ్ కూడా అదే లెక్క, రెండో తరుగు. ఇక్కడ యూరోలో వందో వంతుని కూడా లెప్తో అనే అంటారు, కాబట్టి నిమిషానికీ పైసాకీ ఒకటే పేరు.

వాక్యం_విద్యార్థి
బీద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు కాసులు కూడా రెండు లెప్తాలే.

పంచాంగం_పిచ్చి
మనకీ ఉంది లెప్తా! జ్యోతిషంలో డిగ్రీలో అరవయ్యో భాగాన్ని ‘లిప్త’ అంటారు, అది గ్రీకు లెప్తోన్ నుంచే. తెలుగులో లిప్తపాటు అంటామే, అందులోని లిప్త ఇదేనని నా నమ్మకం. రెప్పపాటుకి దగ్గరగా వినిపించి జనం నోళ్ళలో నిలబడి ఉంటుంది.

పాతపుస్తకాల_పాండు
ఇదికూడా గ్రీకేనా? ఇక తెలుగులో మిగిలిందేమిటండీ బాబూ.

పంచాంగం_పిచ్చి
అదను ఉంది, పదును ఉంది, పొద్దు ఉంది, తడవ ఉంది. చాలవా?

ఏథెన్స్_కోడలు
నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైంది ‘కక్యా ఓరా’, చెడ్డ వేళ. ఎవరికైనా యాక్సిడెంట్ అయితే, తప్పెవరిదని తేలకపోతే, ‘ఈ కక్యా ఈ ఓరా’ అని నిట్టూరుస్తారు. మొదటిసారి మా అత్తగారి నోట విన్నప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. ఏ వేళలో బయల్దేరామో అనేది.

కరీంనగర్_పోరడు
మా దగ్గర ‘టైమ్ మంచిగ లేదు’ అంటరు అక్కా. ఇంగ్లీషోడి మాటే, అర్థం మాత్రం మనదే.

తెలుగు_టీచరమ్మ
చివరగా ఒకటి అడుగుతాను. కథ మొదలుపెట్టేటప్పుడు ఇంగ్లీషువాళ్ళు ‘ఒన్స్ అపాన్ ఎ టైమ్’ అంటారు. గ్రీకు అమ్మమ్మలు ఏమంటారు?

ఏథెన్స్_కోడలు
‘మ్యా ఫొరా కి ఎనన్ కెరో’. ఒకసారి, ఒక కాలంలో అని. చూశారా, ఫొరా, కెరోస్ రెండూ ఉన్నాయి. అదనూ లేదు, దేవుడి ఘడియా లేదు, వాతావరణమూ లేదు. ఎప్పుడో ఒకప్పుడు అంతే.

మా అమ్మాయికి నేను తెలుగులో కథ చెబితే “అమ్మా, అనగనగా అంటే ఎప్పుడు?” అంటుంది. ఎప్పుడూ కాదమ్మా, అందరూ అనగా అనగా అని చెప్పాను. మన కథ మొదట్లో టైమే లేదు.

సందేహాల_పుట్ట
ఈ చర్చలో నేను వాదించకుండా ఒప్పుకుంటున్న మొదటి మాట ఇది.

గుంటూరు_ఘాటు
కెరోస్ ఈతన్!

సముద్రపుగాలి
ఇదంతా మా ఆవిడకి ఫోన్లో చదివి వినిపించాను. కాగితం పీకలేదు. కింద ఇంకో వరస రాసి ఫోటో పంపింది: ‘కైరోస్: ఇవాళ మబ్బుగా ఉంది, బట్టలు లోపల ఆరేశాను.’

వాక్యం_విద్యార్థి
మరి పాస్టర్ గారికి ఎప్పుడు చెబుతారు?

సముద్రపుగాలి
సెలవు జనవరిలో. అదను చూసి చెబుతాను.